పెద్ద కెమెరాయా, చిన్న కెమెరాయా?

ఈ మాసము వంటింటిని, పెరటిని కొంచెము ప్రక్కకుంచి కెమెరాను గూర్చి ముచ్చటింపదలచితిమి. బడిపంతులుగారి యింటి యిల్లాలికి కెమెరాతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. మూడు మాసముల క్రిందటివరకు మేమును అట్లే యనుకొంటిమి. పుట్టినింట నాయనగారియొద్ద అమరమును, భారతమును, కొన్ని ప్రబంధములను చదువుకొన్న మాకు యంత్రములతోడి పరిచయము మిక్సీతో మొదలై కుట్టుమిషనుతో ముగిసినది. అయినను ఈ విషయమున మాకు ఎదురైన చిక్కు పెక్కుమంది యిండ్లలో నుండునదే గనుక వ్రాయుచున్నాము.

మా తల్లిగారు రెండేండ్ల క్రిందట ఆళ్లగడ్డలో పరమపదించిరి. పదమూడవనాటికి పటము కట్టింపవలసి యిల్లెల్ల వెదకగా ఆమెది సరియైన చిత్రమొక్కటియు దొరకలేదు. పెండ్లిండ్లలో తీయించినవాటిలో ఆమె యెచ్చటనో పళ్లెము పట్టుకొని వెనుదిరిగి యుండును. లేదా ఎవరి భుజము వెనుకనో సగము ముఖము కనబడును. మా ఫోనులో తీసినవి వందలుండెను. ఆ ఫోను నీటిలో పడి, బాగుచేయుటకు ఇయ్యగా, దానిని శుభ్రముగా తుడిచి పలక కడిగినట్లు మా చేతికిచ్చిరి. వేరొకచోట దాచుకొనకపోవుట మా తప్పే. తుదకు ఆధారుకార్డులోని బొమ్మను పెద్దది చేయించి చట్రమున బిగించితిమి. నాయనగారు దానిని చూచి, "ఇది మీ అమ్మ గాదు తల్లీ. ఆమె యెవురినైనా ఇట్ల బెదిరి చూసిందా యెప్పుడన్నా?" అనిరి. మేము మాటాడలేకపోతిమి.

నాయనగారికి ఎనుబదియేండ్లు దాటినవి. ఒక కంటికి శుక్లము తీయించితిమి, రెండవది తీయింపవలసియున్నది. వారు తాము చదివిన ప్రబంధములకు నలుబదియేండ్లుగా వ్రాసికొనిన టిప్పణములు మూడు పెద్ద పుస్తకములున్నవి. కాగితము అంచులు పొడియగుచున్నది, సిరా వెలిసి తేనెరంగునకు దిగినది. వారి ముఖమును, ఆ పుస్తకములను, రెంటిని ఇప్పుడే పట్టుకొని యుంచుకొనవలెను. ఇంతే మాకు కెమెరాతోడి పని. చీటీ యెత్తగా చేతికి వచ్చిన సొమ్ము ఒక కెమెరాకు చాలును, రెంటికి చాలదు.

మా వారు గణితోపాధ్యాయులు. వారు విన్నవెంటనే పెద్ద కెమెరా కొందమనిరి. దానినే డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌. అందురు. మేము చిన్నదే చాలునంటిమి. చేతిసంచిలో తాళపుచెవుల గుత్తి ప్రక్కన ఇమిడిపోవునది, మీట నొక్కిన పని జరుగునది, పోయినను ప్రాణము పోయినంత పని కానిది ఆడువారికి తగునని మా వాదము. పెద్దది కొన్నచో అది బీరువాయెక్కి, "తాకవద్దు, పాడగును" అను మాటతో మగవారి సొత్తగునని మా యనుమానము. పాఠకురాండ్రలో పలువురికి ఈ యనుమానము క్రొత్త కాదు. వాదము మూడు ఆదివారములు నడచిన పిమ్మట, కొనుటకు ముందు రెంటిని ఎరువు తెచ్చి చూతమని ఒడంబడితిమి. మా వారి తోడి ఉపాధ్యాయులొకరు తమ కానన్‌ 1500డి కెమెరాను, దానితో రెండు కటకములను ఇచ్చిరి. మా ఆడుబిడ్డ కూతురు తన చిన్న ఇక్సస్‌ 185 కెమెరాను పంపినది. నెలదినములు రెండును మాయింటనే యుండెను.

మొదట మమ్ము తికమకపెట్టినది మెగాపిక్సెళ్ల లెక్క. చిన్నది 20, పెద్దది 24. ఇంత స్వల్పభేదమునకు అంత ధర యేల? మా వారు కాగితముపై గీసి చూపిరి. కటకము వెనుక వెలుగును పట్టు పలక యొకటి యుండును, దానిని సెన్సారు అందురు. పెద్దదానిలో ఆ పలక 22.3 మిల్లీమీటర్ల పొడవు, 14.9 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నదానిలో సుమారు 6.2 పొడవు, 4.6 వెడల్పు, అనగా చిటికెనవ్రేలి గోరులో సగము. గుణించి చూడగా ఒకటి రెండవదానికి దాదాపు పండ్రెండింతలు.

ఈ లెక్కను మేము మా భాషలోనికి మార్చుకొంటిమి. వానకాలమున చూరుక్రింద గిన్నెలు పెట్టుదుము గదా. ఇరుగుపొరుగువారు ఇద్దరును సమానసంఖ్యలో గిన్నెలు పెట్టిరనుకొనుడు. ఒకరి వాకిలి రెండవవారి వాకిలికి పండ్రెండింతలు. చిన్నవాకిటివారు ఉగ్గుగిన్నెలే పెట్టగలరు, పెద్దవాకిటివారు తపేలాలు పెట్టుదురు. జోరువాన కురిసినచో రెండిండ్ల గిన్నెలును నిండును, భేదము తెలియదు. తుంపర పడినప్పుడు ఉగ్గుగిన్నె యడుగున నున్నది నీరో దుమ్మో చెప్పుట కష్టము. వెలుగుకూడ అట్టిదే. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన చిత్రములను ప్రక్కప్రక్క నుంచి మా పిల్లలను అడుగగా ఏది దేనితో తీసినదో చెప్పలేకపోయిరి. దీపము పెట్టినవేళ తీసినవానిలో చిన్న కెమెరా చిత్రమున నీడలన్నియు ఉప్మారవ్వ చల్లినట్లుండెను.

పెద్దదానిలో ఇంకొక విశేషము అద్దము. కటకమునుండి వచ్చిన వెలుగు ఏటవాలుగా నిలిపిన అద్దముపై పడి, మీదికి మరలి, కంటి దగ్గరి కిటికీలోనికి వచ్చును. మీట నొక్కగానే అద్దము పైకి లేచి దారి యిచ్చును. ఆ టప్పుమను చప్పుడు దానిదే. చిన్నదానిలో అద్దము లేదు, కిటికీ లేదు. వెనుకనున్న తెరను చూచియే తీయవలెను. ఇది యెంత భేదమో నంద్యాల యెండలో గాని తెలియదు. ఒకనాడు మహానంది పోయి, గుడి వెలుపలి అరటితోటల నడుమ పిల్లలను నిలువబెట్టితిమి. చిన్న కెమెరా తెరపై మా చీరకుచ్చెళ్ల ప్రతిబింబము తప్ప మరేమియు కనబడలేదు. కొంగు కప్పి చీకటి చేసికొని చూడవలసివచ్చినది. పెద్దదానికి కన్ను ఆనించిన చాలును, ఎండ దానిని బాధింపదు. (మహానంది కోనేటి నీరు అడుగున పడిన నాణెము కనబడునంత తేటగా నుండునని అందరును దానిని తీయజూతురు. స్నానములు జరుగువేళ అచ్చట కెమెరా యెత్తకుండుటే మర్యాద. గర్భగుడులలో నెచ్చటను తీయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.)

పాఠశాలలో పిల్లల పరుగుపందెము నాడు చిన్నది మరింత నవ్వుల పాలైనది. మీట నొక్కిన పిమ్మట అది కొంత ఆలోచించుకొని తీయును. ముందు వచ్చిన పిల్లవాని చిత్రమునకై నొక్కగా నాలుగవవాని కాలు వచ్చినది. బ్యాటరీ సంగతియు నంతే: ఒకమారు ఎక్కించిన పెద్దది సుమారు 500 చిత్రములు, చిన్నది 200 పైచిలుకు తీయును.

ఇంతవరకు అన్నియు పెద్దదానికే అనుకూలముగా నున్నవి గదా యందురు. బరువు సంగతి చెప్పలేదు. పెద్దదాని శరీరమే 475 గ్రాములు. దానితో వచ్చు కటకము మరి 200 గ్రాములు. సంచి, తువాలు, రెండవ కటకము వేరు. చిన్నది 126 గ్రాములు, ఒక పెద్ద నిమ్మకాయ యెత్తు. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు నలుబది కిలోమీటర్ల దారి. బస్సులో ఒక చేత పిల్ల, ఒక చేత నాయనగారికి వండి తీసికొనిపోవు క్యారియరు, భుజమున కెమెరాసంచి. శిరివెళ్ల దాటులోపలనే భుజము ఎఱ్ఱబడినది. కండక్టరు మా భుజముననున్న సంచిని చూచి మా వారితో, "ఏం సార్‌, టీవీవాళ్లా?" అని యడిగెను. సంచి యెవరి భుజముననున్నను కెమెరా మగవానిదే యని లోకమునకు నమ్మకము!

ఈ నమ్మకము తప్పని చెప్పుటకు దూరము పోనక్కరలేదు. నిజామువారి ఆస్థాన ఛాయాగ్రాహకులైన రాజా దీన్‌ దయాళ్‌ 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచిరి. దానిని నడపినది శ్రీమతి కెన్నీ లెవిక్‌ అను ఆంగ్లవనిత. ఆనాటి కెమెరా పెట్టెయంత, దానిలోని గాజుపలక పలకయంత. వాటి ముందు మా సంచి పూచికపుల్ల. తరువాతికాలమున హోమాయ్‌ వ్యారావాలా చీర కట్టుకొనియే, స్పీడ్‌ గ్రాఫిక్‌ అను బరువైన కెమెరాను, రోలీఫ్లెక్సును పట్టుకొని ఢిల్లీలో పత్రికలకు చిత్రములు తీసిరి. 1947లో స్వాతంత్ర్యోత్సవముల చిత్రములు తీసిన వారిలో ఆమె యొకరు. 2011లో పద్మవిభూషణము పొంది, 2012లో కీర్తిశేషులైరి. కాబట్టి బరువు చూచి వెనుదీయుట మాకు కొంత సిగ్గనిపించినది. మరియొకప్రక్క చిన్నదాని పక్షమునకు తక్కువ చరిత్ర లేదు. 1900లో కొడాక్‌ వారు బ్రౌనీ యను అట్టపెట్టె కెమెరాను ఒక డాలరునకు అమ్మిన తరువాతనే సామాన్యుల యిండ్లలో బిడ్డల చిత్రములు, వంటింటి చిత్రములు పుట్టినవి. పెద్ద కెమెరా దొరలను చూచినది, చిన్న కెమెరా మనలను చూచినది.

ఆళ్లగడ్డలో దిగగానే నాయనగారి యింటికి పోకముందు దారిలోని శిల్పుల పనివాటికయొద్ద ఆగితిమి. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కలదని చదువరులు వినియుందురు. అచ్చట మేము నేర్చినది రెండు కెమెరాలకు వర్తించును గనుక కొంచెము విపులముగా చెప్పెదము. నునుపుచేసిన నల్లరాతి అమ్మవారొకరు నిలువుటెత్తున నుండిరి. చిత్రము తీసి చూడగా విగ్రహము బూడిదపూసినట్లు తెల్లబోయినది. కారణమేమనగా, తనయెదుట నున్నదంతయు నలుపు తెలుపుల నడిమిరంగున నుండునని కెమెరా తలంచును. నల్లనిదానిని చూచి, అయ్యో వెలుగు చాలలేదని తానే పెంచివేయును. తెల్లనిదానిని చూచి, వెలుగు హెచ్చినదని తగ్గించివేయును. మల్లెపూవువంటి పంచె మాసినట్లు కనబడుట, ముగ్గుబుట్టవంటి తల మసకబారుట ఇందువలననే. దీనికి మందు కెమెరాలోనే కలదు: కూడిక, తీసివేత గుర్తులతో నొక మీట యుండును. నల్లనిదానికి తీసివేత, తెల్లనిదానికి కూడిక. చిన్న కెమెరాలలోను పెక్కింట ఇది యుండును గాని, జాబితాలలో దిగి వెదకవలెను. పెద్దదానిలో బొటనవ్రేలి క్రిందనే యున్నది. ఒకమెట్టు తగ్గించి తీయగా అమ్మవారు నల్లగా, నిగనిగలాడుచు, ప్రక్కనున్న శిల్పి మోచేతి తెల్లని రాతిపొడితో సహా వచ్చిరి. మా వారు అచ్చటనే కటకము మార్చబోగా ఆ శిల్పియే వారించెను. "ఈడ ఇప్పొద్దు సార్‌, దుమ్ము లోపలికి పోతాది" అనెను. రాతితో పనిచేయువానికి యంత్రము నొప్పి తెలిసినది, గణితము చెప్పువారికి తెలియలేదు. చిన్నదానికి కటకము మార్చు పనియే లేదు. అయినను మీట నొక్కగానే ముందుకు పొడుచుకొని వచ్చు దాని గొట్టములోనికి దుమ్ము చేరినచో తీయుట మరింత కష్టమట.

మా పుట్టిల్లు పాతకాలపు మిద్దె. గోడలు మూరెడు మందము. నట్టింట వెలుగంతయు గవాక్షినుండి దిగవలసినదే. మధ్యాహ్నము రెండుగంటలప్పుడు ఆ వెలుగు చాపయంత వెడల్పున నేలపై పడి, మెల్లగా గోడయెక్కి, నాలుగుగంటలకు పోవును. నాయనగారు చిన్ననాటినుండి ఆ వెలుగును వెంబడించి పీట జరుపుకొనుచు చదువుదురు. వారిని వాకిట ఎండలో నిలువబెట్టి తీసినచో పని సులువే. కాని వాకిట నిలబడిన మనిషి మా నాయనగారు కారు.

చిన్న కెమెరాతో మొదలుపెట్టితిమి. ఫ్లాషు లేక తీయగా వారి చేయి కదలి పొగవలె వచ్చినది, మిగిలినదంతయు రవ్వ. ఫ్లాషుతో తీయగా శుక్లము తీసిన కన్ను చప్పున మూసికొనిరి. వెనుకగోడపై నల్లని నీడ రెండవ తలవలె నిలిచినది. పది తీసిన పదియు నంతే.

పెద్దది తీయగానే, "ఏందమ్మా ఆ ఫిరంగి? ముసలోన్ని కాలుస్తావా?" అని నవ్విరి. నవ్వినంతసేపు పట్టలేదు, లోపలికి పోయి, ఎన్నడో సన్మానమునకు కప్పిన శాలువా భుజాన వేసికొని, తల దువ్వుకొని, వీపు నిక్కించి కూర్చుండిరి. కన్నులు బిగిసినవి, పెదవి బిగిసినది. మరల ఆధారుకార్డే! మేము దేనికి భయపడి పెద్ద కెమెరా వలదంటిమో అదియే జరిగినది. మా వారికి సైగచేసి కెమెరాను ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చుంటిమి. కొంతసేపటికి మొదటి టిప్పణపుస్తకము తెరచి, ఒక పద్యమున పదచ్ఛేదము మేము చదివినరీతిని చెప్పితిమి. అది తప్పట. "ఇరవైయేండ్ల కింద చెప్పినదే మరిచినావా!" అని శాలువా తీసి ప్రక్కన పడవైచి, వ్రేలితో పుటను కొట్టుచు వివరింపసాగిరి. గవాక్షి వెలుగు అప్పటికి పుస్తకముపైకి వచ్చినది. పుటనుండి మరలిన కాంతి వారి గడ్డమును, ముక్కును, కనుబొమలను క్రిందినుండి వెలిగించినది. మేము కెమెరా యెత్తితిమి. ఆ టప్పుమను చప్పుడు వారికి వినబడలేదు.

ఆ చిత్రమునకు తోడ్పడినది కెమెరాతో వచ్చు కటకము కాదు, రెండవది. దానిని 50 మిల్లీమీటర్ల 1.8 కటకమందురు, 160 గ్రాముల పొట్టిది, దగ్గరకు లాగుట, దూరము నెట్టుట లేనిది. కటకపు కన్ను ఎంత తెరచుకొనునో చెప్పు సంఖ్య అది. సంఖ్య చిన్నదైనకొలది కన్ను పెద్దది. కెమెరాతో వచ్చు కటకము దగ్గరకు లాగినప్పుడు 5.6 వద్ద నిలిచిపోవును. ఈ పొట్టిది 1.8 వరకు తెరచుకొని దానికి దాదాపు పదింతల వెలుగును లోనికి విడుచును. లోపమేమనగా ముఖము తీయుటకు నాలుగడుగులు వెనుకకు పోవలెను. మా నట్టింట వెనుకకు పోగా ధాన్యపుగాదె తగిలినది. తోటి ఉపాధ్యాయులు ఈ కటకమును కూడ ఇచ్చియుండనిచో పెద్ద కెమెరాయు ఆ మిద్దెలో సగమోడియుండునని మా నమ్మకము. దుకాణములో కెమెరా పేరే అడుగుదురు, కటకము మాట ఎవరును అడుగరు.

ఆనాటి సాయంకాలము మరియొకటి జరిగినది. చిన్న కెమెరా పీటపై పడియుండగా నాయనగారు చేతికి తీసికొని అటునిటు త్రిప్పి, "అందర్నీ తీస్తివి గదా, నీది యేదీ?" అనిరి. ఏ మీట నొక్కవలెనో చూపితిమి. వణకుచేతితో పట్టుకొని, తెరను ముక్కుదాక తెచ్చుకొని నొక్కిరి. పెద్దదానిని వారెత్తగలవారు కారు. వచ్చిన చిత్రమున మా నుదురు తెగిపోయినది, సగము గవాక్షియే యున్నది, అంతయు నిదురకన్నుతో చూచినట్లు చెదరినది. అత్తవారింటికి వచ్చిన ఈ పదునాలుగేండ్లలో పుట్టినింట కూర్చుండిన మా చిత్రము అదియొక్కటే. చిన్న కెమెరాపై మేమెంత దోషము చెప్పినను ఈ యొక్క పని మాత్రము దానివలననే అయినది.

ఇక ఫోనుండగా ఈ రెండును ఏల యని యడుగువారికి. మాట నిజమే. 2010లో జపాను కంపెనీలు లోకమునకంతకు 12 కోట్లకు పైగా కెమెరాలు పంపినవి. 2023లో ఆ సంఖ్య 80 లక్షలకు లోబడినది. పడిపోయినవానిలో చాలభాగము చిన్న కెమెరాలే. నేటి ఫోను ఒక్క నొక్కుకు పెక్కు చిత్రములు తీసి, వాటిని కలిపి, రవ్వ యేరివేసి ఒక్కటిగా చూపును. పగటివేళ చిన్న కెమెరాకు అది తీసిపోదు. కావున మంచి ఫోనున్నవారు తక్కువధర చిన్న కెమెరా కొనుట చెంబుండగా లోటా కొనుట వంటిదని మా అభిప్రాయము. ఫోను చేతికీయ నిష్టము లేని పిల్లలకును, ఫోనుతో వేగలేని పెద్దలకును మాత్రము అది మేలు. పెద్దసెన్సారుగల ఖరీదైన చిన్న కెమెరాలు వేరుగా కలవు; వాటి ధర పెద్ద కెమెరాను మించును, అవి మా చీటీకి అందవు. పెద్దదానికిని వార్ధక్యము వచ్చినది. అద్దము తీసివేసిన మిర్రర్‌లెస్‌ కెమెరాల యెగుమతి 2020లోనే అద్దముగలవానిని దాటినది. అద్దముగలవి తీయించుకొన్నవారు పలువురు క్రొత్తవానికి మారుచున్నందున వాడినవి ఇప్పుడు చౌకగా దొరకుచున్నవి. ముసలివాని చిత్రము తీయుటకు ముసలి కెమెరా చాలదా?

కాబట్టి మేము వాడిన 1500డి శరీరమును, పొట్టి కటకమును కొంటిమి. మా వాదము మేమే ఓడించుకొంటిమి. విచిత్రమేమనగా ఆ నెలలో మా వారు చిన్నదానికి మరగి, జేబులో వేసికొని తిరిగి, తుదకు దానినే కొందమని మొదలుపెట్టిరి! వాడినది కొనువారు కొన్ని చూచుకొనవలెను. ఇంతవరకు ఎన్నిమారులు మీట నొక్కబడినదో షట్టరు లెక్క అడుగుడు. కటకమును దీపమున కెత్తి చూడుడు. లోపల సాలెగూడువంటి తెల్లని దారములున్నచో అది బూజు, ఎంత చౌకయైనను వలదు. తెల్లగోడను తీసి చూచి మచ్చలున్నవేమో వెదకుడు. ఆ మచ్చలు సెన్సారుపైని దుమ్ము, వాటిని తుడిపింపవచ్చును, బూజువంటివి కావు. వానకాలమున డబ్బాలో మందుసీసాల మూతలలో వచ్చు సిలికా పొట్లములు వేసి యుంచుడు. తీసినవానిని ఆ దినమే రెండుచోట్ల దాచుడు. ఈ మాట చెప్పుటకు మాకు హక్కున్నది. నెలకు నాలుగైనను కాగితముపై వేయింపుడు.

ఒక నియమము మాత్రము మేము ముందే పెట్టితిమి. కెమెరా బీరువాలో నుండరాదు. వంటింటి గుమ్మము ప్రక్కనున్న వంకీకి, పిల్లల కందని యెత్తున, మా చేతికందునట్లు వ్రేలాడవలెను. వ్రేలాడుచున్నది. సంచిపై కొంచెము పసుపు మరక పడినది.

చిన్న కెమెరాను తిరిగి పంపగా మా ఆడుబిడ్డ కూతురు, "తాతగారు తీసిన ఫోటో చూసినాను అత్తా. అది ఆయన దగ్గరే ఉండనీ" అని వెనుకకు పంపినది. ఇప్పుడది ఆళ్లగడ్డలో గూటిలో, కండ్లజోడు పెట్టె ప్రక్కన నున్నది. నాయనగారు ఇప్పటికి పిల్లిని, పాలమనిషిని, తమ బొటనవ్రేలిని పలుమార్లు తీసిరి.

టిప్పణపుస్తకములలో మొదటిది ముగిసినది. రెండుగంటలనుండి నాలుగుగంటలవరకు గవాక్షి వెలుగున, ఫ్లాషు లేకుండ, పుటకు పుట తీయుచున్నాము. ఒక ఆదివారమునకు అరువది పుటలకు మించి కావు, నడుమ నడుమ నాయనగారు ఏదో యొక పుటవద్ద ఆగి చెప్పనారంభింతురు గనుక. రెండవ పుస్తకము మొన్న తెరచితిమి. దాని వెనుక అట్ట లోపల పెన్సిలుతో అమ్మ వ్రాసిన పాలపద్దు కలదు: తేదీలు, సేర్లు, మధ్య రెండుదినములు ఖాళీ, అచ్చట "ఊరికి పోతిమి" అని. పెన్సిలు మిక్కిలి మాసినది. ఆ పుట కొరకు తెల్లనిదానికి చేయు కూడిక ఒకమెట్టు చేసి తీసితిమి, చాలక మరల తీసితిమి. మూడవమారు తీయుటకు వెలుగు గోడయెక్కి పోయినది. వచ్చు ఆదివారము ఒకటిన్నరకే కూర్చుండవలెను.